ఆగడం తెలియని ఈస్టుకు సంబంధం కుదర్చడం

2006లో జపాన్ సాకే తయారీదార్ల చేతికి ఒక కొత్త ఈస్టు వచ్చింది. దానికి పేరు లేదు, నంబరే ఉంది: 1801. ఆపిల్‌ను తలపించే వాసన దండిగా ఇస్తుంది, పులుపు తక్కువ, చివరిదాకా బలంగా పులియబెడుతుంది. పోటీలకు పంపే ఖరీదైన సాకేలు చేసేవాళ్ళు దాన్ని ఇష్టంగా అందుకున్నారు. ఈ ఈస్టు ఏ పాత కార్ఖానా తొట్టిలోనో దొరికింది కాదు. 1601 అనే ఈస్టునూ 9 అనే ఈస్టునూ పనిగట్టుకుని జతకలిపితే పుట్టింది. వరిలో కొత్త వంగడాలు తీసినట్టే ఈస్టులోనూ తీయొచ్చు. కాకపోతే వరి పువ్వు పెట్టని పేచీలన్నీ సాకే ఈస్టు పెడుతుంది. ఆ పేచీలు ఎక్కడివో తెలియాలంటే ముందు దాని ఉద్యోగం ఎలాంటిదో చూడాలి.

బియ్యంలో ఉండేది పిండిపదార్థం. ఈస్టు తినగలిగేది చక్కెర. ద్రాక్షరసంలోనూ తాటికల్లులోనూ ఈ ఇబ్బంది లేదు, చక్కెర సిద్ధంగా ఉంటుంది. (మన కల్లును పులియబెట్టే ఈస్టుల్లో ముఖ్యమైనదీ, సాకే ఈస్టూ ఒకే జాతి: శాకరోమైసిస్ సెరివిసియే.) బీరు చేసేవాళ్ళు బార్లీని మొలకెత్తించి, అందులో పుట్టే ఎంజైములతో పిండిని చక్కెరగా మార్చి, ఆ తీపి నీటిని వడకట్టి, ఆ తరవాతే ఈస్టు కలుపుతారు. జపాన్‌లో ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజీ అనే బూజును పెంచుతారు. ఆ కోజీ, మరింత అన్నం, నీళ్ళు, ఈస్టు అన్నీ ఒకే తొట్టిలోకి వెళతాయి. బూజు ఎంజైములు పిండిని చక్కెరగా విరగ్గొడుతుంటే, పక్కనే ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తూ ఉంటుంది. చక్కెర ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది కనుక దాని గాఢతకు ఈస్టు ఉక్కిరిబిక్కిరి కాదు. అన్నం కూడా ఒకేసారి వేయరు. నాలుగు రోజుల్లో మూడు విడతలుగా, పెంచుకుంటూ వేస్తారు. మధ్యలో రెండో రోజు ఏమీ వేయకుండా వదిలేస్తారు, ఈస్టు సంఖ్య పెరగడానికి. ఇంత ఓపికకు ప్రతిఫలంగా, నీళ్ళు కలపక ముందు సాకేలో ఆల్కహాలు 20 శాతం దాకా చేరుతుంది. బట్టీ పెట్టి ఆవిరి పట్టకుండా కేవలం పులియబెట్టి ఇంత తెచ్చే పానీయాలు చాలా తక్కువ.

ఖరీదైన రకాలకు కష్టం ఇంకా ఎక్కువ. గింజ పైపొరల్లోని కొవ్వులు ఈస్టులో పండ్ల వాసన పుట్టించే ఎంజైమును అణచేస్తాయి. అందుకని బియ్యాన్ని సగానికి సగం చెక్కి పారేస్తారు. తొట్టిని 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి నెలరోజులు పులియనిస్తారు. చలి, అరకొర తిండి, రోజురోజుకూ పెరిగే ఆల్కహాలు. ఇలాంటి చోట ఈస్టన్నది పని మానేయాలి. సాకే ఈస్టు మానదు.

ఆ ఈస్టు ఒకటుందని గుర్తించి విడదీసినవాడు యబె కికుజి, 1895లో. అంతకు ముందు శతాబ్దాల పాటు కార్ఖానా గాలిలోంచి, గోడల మీదినుంచి, చెక్క తొట్టెల సందుల్లోంచి వచ్చి పడేదే ఈస్టు. ఒక ఏడు అమృతం, ఇంకో ఏడు తొట్టి మొత్తం పాడు. అప్పటి ప్రభుత్వ ఆదాయంలో సాకే పన్ను వాటా చాలా పెద్దది కనుక తొట్టి పాడైతే ఖజానాకూ నష్టమే. 1904లో ప్రభుత్వం మద్యాల తయారీ మీద జాతీయ పరిశోధనా సంస్థను పెట్టింది. 1906లో ఏర్పడిన బ్రూయింగ్ సంఘం మంచి కార్ఖానాల ఈస్టును శుద్ధంగా పెంచి దేశమంతా పంచడం మొదలుపెట్టింది. కోబె దగ్గరి నాదా ప్రాంతంలోని సకురమసమునె కార్ఖానా ఈస్టుకు 1వ నంబరు ఇచ్చారు. అక్కడినుంచి వరుస నడిచింది. 1930లో అకితాలోని అరమస కార్ఖానాలో దొరికినది 6. 1946లో నగానో ప్రాంతం సువాలోని మసుమి కార్ఖానాలో దొరికినది 7. కుమమొటోలో నొజిరో అనే నిపుణుడి చేతుల్లో తయారైనది 9. మొదటి ఐదు నంబర్లూ కాలక్రమంలో జాబితాలోంచి జారిపోయాయి. 6 మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. 7 అయితే దేశంలో ఎక్కువగా వాడే ఈస్టుల్లో ఒకటయింది.

ఈ దశ అంతటా జరిగింది వెతుకులాటే. పోటీలో ఏ కార్ఖానా బహుమతులు కొడుతోందో చూడు, అక్కడికి వెళ్ళు, తొట్టిలోంచి ఈస్టు తెచ్చుకో.

వెతుకులాటకు కాస్త తెలివి జోడించిన సందర్భం నురగది. పాత ఈస్టులు విపరీతంగా నురగ తెప్పించేవి. తొట్టిలో మూడో వంతు దాకా నురగ కోసం ఖాళీ వదలాల్సి వచ్చేది. రాత్రిళ్ళు అది పొంగిపోకుండా మనుషులు కాపలా కాసేవాళ్ళు. ఈస్టు కణం పైపొర నీటిని ఒప్పనిదై బుడగలకు అంటుకుపోవడం దీనికి కారణం. 1971 ప్రాంతంలో ఓఉచి, అకియామ అనే పరిశోధకులు ఒక సులువైన ఉపాయం పన్నారు. ఈస్టు ఉన్న ద్రవంలోకి గాలి ఊదారు. నురగతో పాటు పైకి తేలినవాటిని తీసి పారేశారు. అడుగున మిగిలినవాటిని మళ్ళీ పెంచి, మళ్ళీ ఊదారు. చివరికి బుడగకు అంటుకోని ఈస్టు మిగిలింది. 7 నుంచి వచ్చిన నురగలేనిది 701, 9 నుంచి వచ్చినది 901. ఆ చివరి 01 అప్పటినుంచి నురగ లేదన్న గుర్తయింది. ఈ అధ్యాయంలో మనకు కావలసిన 1601, 1801 కూడా ఆ కోవలోవే.

ఉన్నదాంట్లోంచి ఏరుకోవడానికి ఒక హద్దుంది. ఒక ఈస్టులో వాసన బాగుండి ఓపిక లేకపోతే, ఇంకోదానికి ఓపిక ఉండి వాసన లేకపోతే, ఎంత ఏరినా రెండూ ఒకచోటికి రావు. అవి కలవాలంటే జతకట్టాలి. ఈస్టు జతకడుతుందన్న సంగతే 1935 దాకా సరిగా తెలియదు. కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఓయవిండ్ వింగె అది తేల్చాడు. ఈస్టు కణంలో మామూలుగా ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉంటుంది. ఆకలి ముదిరితే, ముఖ్యంగా నత్రజని దొరకనప్పుడు, ఆ కణం క్షయకరణ విభజనకు దిగి నాలుగు సిద్ధబీజాలను తయారుచేసి ఒక సంచిలో దాచుకుంటుంది. ఒక్కో సిద్ధబీజంలో ఒక్కో జత నుంచి ఒక్క క్రోమోజోమే ఉంటుంది. నాలుగింటిలో రెండు ‘ఎ’ రకం, రెండు ‘ఆల్ఫా’ రకం. మంచి రోజులొచ్చి అవి మొలకెత్తినప్పుడు ఎ కణం, ఆల్ఫా కణం ఒకదానికొకటి రసాయన కబురు పంపుకుంటాయి. కబురందిన కణం గుండ్రటి ఆకారం వదిలేసి, ఎదుటిదాని వైపు ముక్కు సాగదీస్తుంది. శాస్త్రవేత్తలు ఈ ముక్కు కణాన్ని ‘ష్మూ’ అని పిలుస్తారు. అది 1948 నాటి ఒక అమెరికన్ కార్టూన్ బొమ్మ పేరు, ఆకారం చూస్తే పేరు సరిగ్గా సరిపోయిందని ఒప్పుకోవాల్సిందే. రెండు ముక్కులూ తాకిన చోట గోడ కరిగి కణాలు ఒకటవుతాయి.

కాబట్టి సంకరణం చేయదలచినవాడి పని, పుస్తకంలో చదివితే, తేలికే. రెండు మంచి ఈస్టులు తీసుకో. పొటాషియం ఎసిటేట్ తప్ప దాదాపు మరేమీ లేని మాధ్యమంలో వేసి పస్తు పెట్టు. సిద్ధబీజాల సంచులు తయారవుతాయి. నత్త జీర్ణరసంలోంచి తీసిన ఎంజైముతో సంచి గోడను కరిగించు. సూక్ష్మదర్శిని కింద సన్నటి గాజు సూదితో ఒక్కో బీజాన్నీ పక్కకు జరుపు. ఇటు ఎ, అటు ఆల్ఫా చూసి పక్కపక్కన పెట్టు. ప్రయోగశాలల్లో పెరిగిన ఈస్టు దీనికి బుద్ధిగా లొంగుతుంది.

సాకే ఈస్టును పస్తు పెడితే మాత్రం సిద్ధబీజాలు రావు. వచ్చినా బహు కొద్ది, వాటిలోనూ మొలకెత్తేవి తక్కువ. దీని వెనుక సంగతి ఈ శతాబ్దంలో గానీ బయటపడలేదు. 7వ నంబరు ఈస్టులో క్లిన్3 అనే ప్రోటీన్ సిద్ధబీజాల తయారీని ప్రారంభించే మీటను నొక్కనివ్వకుండా అడ్డుపడుతోందని 2010లో నకజవ బృందం చూపింది. క్లిన్3 పని కణాన్ని మరోసారి విభజనకు పురమాయించడం. తిండి లేనప్పుడు అది నోరు మూసుకోవాలి, సాకే ఈస్టులో మూసుకోవడం లేదు. 2011లో 7 జన్యుక్రమం మొత్తం అచ్చయింది. మరుసటి ఏడాది వతనబె దైసుకె, సహచరులు ఇంకో లోపాన్ని బయటపెట్టారు. రిమ్15 అనే జన్యువులో ఒక్క అక్షరం, ఒక అడినిన్, అదనంగా దూరింది. ఆ ఒక్క అక్షరంతో తరవాతి చదువంతా తప్పి, ప్రోటీన్ మధ్యలోనే తెగిపోతోంది.

రిమ్15 ఏం చేస్తుందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. తిండి అయిపోవచ్చింది, ఇక విభజన ఆపు, గోడ గట్టి చేసుకో, నిల్వలు దాచుకో, నిద్రపో అని కణానికి చెప్పే ప్రోటీన్ అది. మామూలు ఈస్టు ఆ మాట విని చక్కెర తినడం తగ్గించేస్తుంది. సాకే ఈస్టుకు ఆ మాట వినపడదు. చలిలోనూ, ఆల్కహాలులోనూ, చచ్చేదాకా చక్కెరను పులియబెడుతూనే ఉంటుంది. ప్రయోగశాల ఈస్టులో రిమ్15ను పనిగట్టుకుని చెడగొట్టి చూస్తే దాని పులియబెట్టే వేగమూ పెరిగింది. సాకే ఈస్టుకు ఆల్కహాలును తట్టుకునే ప్రత్యేక దారుఢ్యం ఉందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆల్కహాలు దెబ్బకు అది మామూలు ఈస్టు కన్నా తొందరగా పోతుంది. దానిలో ఉన్నది దారుఢ్యం కాదు, ఆగాలన్న తెలివి లేకపోవడం.

ఇదే రిమ్15 ఆకలి వేళ సిద్ధబీజాల తయారీకి దారి తెరిచే పనిలోనూ ఒక చెయ్యి వేస్తుంది. అంటే ఏ లోపం దాన్ని గొప్ప సాకే పనివాడిగా నిలబెట్టిందో ఆ లోపమే దాన్ని పెళ్ళిపీటల దాకా రానివ్వడం లేదు. తొట్టిలోని ఈస్టును తరవాతి తొట్టికి మొలకలు తొడిగించి పెంచుకుంటూ పోయిన కార్ఖానాలకు సిద్ధబీజాలతో పనేముంది? ఎన్నో తరాలుగా మనుషులు దాన్ని వేగం కోసమే ఏరారు. ఏ ఏరివేతైనా అంతే, అడిగినది ఇస్తుంది, అడగనిది లాగేసుకుంటుంది.

అయినా సంబంధం కుదర్చాలనుకున్నవాళ్ళు ఊరుకుంటారా. లక్షల కణాలను పస్తు పెట్టి, దొరికిన కొద్దిపాటి సిద్ధబీజాలనే అపురూపంగా ఏరుకున్నారు. రెండో దారి ఇంకా చమత్కారమైనది. రెండేసి క్రోమోజోములున్న కణంలో ఎ, ఆల్ఫా రెండూ ఉంటాయి కనుక అది మామూలుగా ఎవరితోనూ జతకట్టదు. అయితే కోట్ల కణాలు విభజన చెందుతున్నప్పుడు ఎక్కడో ఒకదానిలో పొరపాటున ఒక రకం పోయి, రెండూ ఎ గానో, రెండూ ఆల్ఫాగానో మిగులుతాయి. అలాంటి కణం క్షయకరణ విభజనతో పనిలేకుండానే నేరుగా ఎదుటి రకంతో కలుస్తుంది. ఈ అరుదైన కలయిక ఎలా జరుగుతుందో 1972లో జపాన్ పరిశోధకులే విప్పి చెప్పారు. కోట్ల కణాల్లో పుట్టిన ఆ గుప్పెడు సంకరాలను పట్టుకోవాలంటే తల్లిదండ్రులను చంపే ఏర్పాటు ఉండాలి. ఒకటి ఒక మందును, ఇంకోటి ఇంకో మందును తట్టుకునేదైతే, రెండు మందులూ కలిపిన పళ్ళెంలో సంకరం ఒక్కటే బతుకుతుంది.

ఇక 1801 వంశంలోకి వద్దాం. దాని ఆపిల్ వాసన ఇథైల్ కాప్రోయేట్ అనే ఎస్టరుది. ఈస్టు కణంలో కొవ్వు ఆమ్లాలను కట్టే ఎంజైము రెండేసి కార్బన్లు చేర్చుకుంటూ పదహారు, పద్దెనిమిది దాకా వెళుతుంది. ఆరు దగ్గరే పని వదిలేస్తే వచ్చేది కాప్రోయిక్ ఆమ్లం, అది ఆల్కహాలుతో కలిస్తే ఆపిల్ వాసన. మామూలు ఈస్టు ఆరు దగ్గర వదలదు. అది వదిలేలా చేయడానికి సెరులెనిన్ అనే ఒక బూజు మందును వాడారు. ఆ మందు కొవ్వు ఆమ్లాల ఎంజైమును పట్టి బిగిస్తుంది. తరవాతి కాలంలో, 2015లో, నోబెల్ అందుకున్న ఒమురా సతోషి దాని పనితీరును వివరించిన వాళ్ళలో ముఖ్యుడు. సెరులెనిన్ పోసిన పళ్ళెంలోనూ బతికి బట్టకట్టే ఈస్టులో ఎంజైము ఆకారం ఏదో మారి ఉండాలి, ఆ మారిన ఎంజైము సరుకును మధ్యలోనే వదలవచ్చు. క్యోటో శివార్లలోని ఫుషిమికి చెందిన గెక్కెయ్‌కన్ కంపెనీ పరిశోధకులు 1991లో ఈ ఊహ నిజమని చూపారు. అలా బతికిన వాటిలో కొన్ని ఇథైల్ కాప్రోయేట్‌ను మామూలుకన్నా ఎన్నో రెట్లు ఇచ్చాయి. మారింది ఫాస్2 జన్యువులో ఒక్క అక్షరమని, దానితో ప్రోటీన్ 1250వ స్థానంలో గ్లైసిన్ బదులు సెరిన్ వచ్చిందని తరవాత తెలిసింది.

ఉత్పరివర్తనంతో వచ్చే వరం ఒంటరిగా రాదు. వాసన వచ్చిన ఈస్టుల్లో చాలావాటికి ఓపిక తగ్గింది, చలి తొట్టిలో చివరి వారం లాగలేకపోయాయి. ఇక్కడే సంకరణం అక్కరకొచ్చింది. 7 వంశపు వాసన ఈస్టును, 10వ నంబరు నుంచి వచ్చిన నురగలేని 1001తో కలిపితే పులుపు తక్కువగా ఉండే 1601 వచ్చింది. దానికి ఇంకా బలం కావాలి. 1601ను 9తో కలిపారు. పిల్లకు ఒకరి నుంచి ఆపిల్ వాసన, మరొకరి నుంచి పులియబెట్టే సత్తువ, అరటిపండు వాసనిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ దక్కాయి. అదే 1801. పోటీ సాకేలన్నీ ఒకే పూల బుట్టలోంచి వచ్చినట్టున్నాయని పెదవి విరిచేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలో నిజం లేకపోలేదని నాకనిపిస్తుంది. బహుమతి ఒక వాసనకే వస్తుంటే ఏరివేత దాని వెంటే పోతుంది.

ఇంకో చిక్కు జన్యుక్రమాలు చదివాక స్పష్టమయింది. అకితా 6, సువా 7, కుమమొటో 9, వేరే దారిన వచ్చిన 10, ఇవన్నీ చాలా దగ్గరి బంధువులు. రిమ్15లో ఆ అదనపు అక్షరం అన్నిటిలోనూ ఉంది. దేశం నలుమూలల నుంచి తెచ్చామనుకున్నవి ఒకే ఇంటి బిడ్డలని తేలింది. అంటే ఇంతకాలం చేసినవన్నీ మేనరికాలు. మేనరికంలో కొత్త లక్షణం పుట్టడం కష్టం, ఉన్నవాటినే అటూ ఇటూ సర్దగలం.

దూరపు సంబంధం చూడాలంటే ఎక్కడికెళ్ళాలి? పరిశోధకులు ఒకసారి 7 నుంచి అతికష్టం మీద తీసిన ఏకస్థితిక కణాన్ని, అంటే ప్రతి క్రోమోజోమూ ఒక్కటే ఉన్నదాన్ని, ప్రయోగశాల ఈస్టుతో కలిపారు. ఆ ప్రయోగశాల ఈస్టు పూర్వీకుల్లో ముఖ్యమైనది 1938లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ దగ్గర కుళ్ళిన అంజూర పండు మీద దొరికింది. ఈ సంకరం సాకే చేయడానికి కాదు, దాని పిల్లలందరినీ వేర్వేరుగా పులియబెట్టి చూసి వాసన, ఆల్కహాలు, పులుపు లక్షణాలు ఏ క్రోమోజోముల మీద ఎక్కడున్నాయో పటం గీయడానికి. 2009లో అచ్చయిన ఆ పటం ప్రకారం ఒక్కో లక్షణం వెనుకా ఒక చోటు కాదు, పలు చోట్లున్నాయి. టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు మరో దారి పట్టి పూల మీద ఈస్టులు వెతికారు, వాటితో చేసిన సాకేలు అంగట్లో ఉన్నాయి.

దూరపు సంకరణం ఫలించిన కథ మన అన్నం పళ్ళెంలోనే ఉంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరికి ఒక పక్క మసూరి. మలేసియాలో తయారైన ఆ మసూరికి ఒక పక్క తైచుంగ్ 65. జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో 1929లో రూపొందిన తైచుంగ్ 65 కమెజి, షిన్‌రికి అనే రెండు జపాన్ వరులకు పుట్టింది. షిన్‌రికి ఒకప్పుడు సాకేకూ వాడిన బియ్యం. వరిలో ఇంత దూరం కలిపినవాళ్ళు ఎన్నో తరాల గింజను పారబోశారు. ఈస్టులో పారబోయాల్సింది అంతకన్నా ఎక్కువ, అదృష్టవశాత్తూ పరీక్షకు ఒక సీసా చాలు.

ఆ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. చిన్న సీసాలో కొద్దిగా అన్నం, కోజీ, నీళ్ళు, కొత్త ఈస్టు వేసి రోజూ తూకం వేస్తారు. 180 గ్రాముల గ్లూకోజు 92 గ్రాముల ఆల్కహాలుగా మారితే 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తుంది. సీసా బరువు ఎంత తగ్గిందో చూస్తే మూత తీయకుండానే లోపల ఎంత పని జరిగిందో తెలిసిపోతుంది. తరవాత పులుపు కొలుస్తారు, వాసనలను గ్యాస్ క్రోమటోగ్రాఫుతో లెక్కిస్తారు, చివర్న ముక్కుతో, నాలుకతో చూస్తారు. 1801 ఇవన్నీ దాటొచ్చింది.

ఈ తూకాల్లో కనిపించనిది ఒకటి 2016లో బయటపడింది. కణం రెండుగా చీలే ముందు ప్రతి క్రోమోజోమూ లాగే దారానికి సరిగా కట్టి ఉందా అని ఒక తనిఖీ జరుగుతుంది. 1801లో ఆ తనిఖీ పనిచేయడం లేదు. సీడీసీ55 అనే జన్యువు మధ్యలో అర్ధాంతరంగా ముగింపు గుర్తు పడింది. ఆ ప్రోటీన్ ఎవరో కొత్తది కాదు. నిద్రపొమ్మని రిమ్15 పంపే సందేశం గొలుసుకట్టుగా నడిచి చివరికి చేరే ప్రోటీన్లలో అదొకటి. సాకే చేసేవాడికి దీనితో వెంటనే వచ్చే ఇబ్బంది లేకపోవచ్చు, 1801 తొట్టిలో బాగానే పనిచేస్తోంది. దాన్ని తల్లిగానో తండ్రిగానో పెట్టి తరవాతి తరం తీయాలనుకునేవాళ్ళు మాత్రం ఇకమీదట వాసన లెక్కతో పాటు క్రోమోజోముల లెక్క కూడా సరిచూసుకోవాలి.